ల్యాప్‌టాపులోనికి ఎక్కిన బొమ్మ

హనుమకొండలో బస్సెక్కి ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయిల మీదుగా ఏటూరునాగారము పోవునప్పుడు, అడవి చిక్కనగుకొలది సెల్లుఫోనులో సిగ్నలు గీతలు ఒకటొకటిగ మాయమగుట నేటికిని కలదు. ఆ దారినే, ల్యాప్‌టాపు కొనిన తొలినాళ్లలో, దానిని ఒడిలో పెట్టుకొని, ప్రక్కనున్న అరలో సీడీ వేసి సినిమా చూడ సాహసించిన నాకు, గుంత వచ్చినప్పుడెల్ల నటుడు నోరు తెరచినవాడు తెరచినట్లే నిలిచిపోవుటయు, డ్రైవు గిర్రున తిరిగి తప్పిన చోటు వెదకికొనుటయు, ములుగు చేరకమునుపే బ్యాటరీ అడుగంటుటయు తప్ప దక్కినదేమియు లేదు. తిరుగు ప్రయాణమునకు సినిమాను ముందుగనే హార్డుడిస్కులోనికి ఎక్కించుకొంటిని.

ఎక్కించుట యను మాట నాది కాదు. "అన్నా, జర ఈ సినిమా ఎక్కియ్యరాదే" యనియే మా వైపు కుర్రకారు అడుగుచుండెడివారు. బస్సు పైకి బియ్యపు మూటను ఎక్కించుటకును, యంత్రములోనికి బొమ్మను ఎక్కించుటకును ఒకే క్రియ చెల్లినది. ప్రయాణమునకు సామాను సర్దుకొనుటయే ఇందలి పరమార్థము గనుక, కాపీ యను మాటకన్న ఇదియే సార్థకమని నాకు తోచును.

గుంతకు బొమ్మ ఏల నిలుచును? సీడీ పై సమాచారమంతయు సర్పిలముగా చుట్టుకొనిన ఒకే బాట. చుట్టునకు చుట్టునకు నడుమ ఎడము 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74 మాత్రమే. ఒక తలవెంట్రుక మందములో పదుల కొలది చుట్లిముడునంతటి సన్నని బాటపై లేజరు కిరణము నడవవలసియుండగా, మన రోడ్డు దానిని నడువనిచ్చునా?

వీడియో సీడీ ప్రమాణమును ఫిలిప్స్, సోనీ, జేవీసీ, మత్సుషిత సంస్థలు 1993లో వెలువరించినవి. ఒక్కొక్క డిస్కున పట్టునది 74 నిమిషములు. ఇంటర్వెలు ఎచట వచ్చునన్న దానితో దానికి నిమిత్తము లేదు. 1957 నాటి 'మాయాబజార్' వంటి మూడు గంటలకు మించిన చిత్రమునకు మూడు డిస్కులు కావలసెను. అయినను దీనికి తాళము లేదు: ఫోల్డరు తెరచి, 'డ్యాట్' (.DAT) ఫైలును పట్టి, హార్డుడిస్కులో వదలుటయే పని. చిక్కంతయు డిస్కుపై పడు గీతలతోనే. మామూలు డేటా సీడీలో ఒక్కొక్క సెక్టారున సరుకు 2048 బైట్లు కాగా, చెరిగిన అంకెలను మరల పూరించుకొనుటకు కొంత చోటు విడిచియుందురు. వీసీడీలోనో ఆ చోటును గూడ బొమ్మకే యిచ్చి 2324 బైట్లు నింపిరి. నిమిషములు పెరిగినవి, గీతను తట్టుకొను శక్తి తగ్గినది.

1996 నవంబరులో జపానున అమ్మకమునకు వచ్చిన డీవీడీకి మాత్రము తాళము వేసిరి. 1999లో ఆ తాళమును విప్పు డీసీఎస్‌ఎస్ ప్రోగ్రాము వెలువడగా, అందు పాలుపంచుకొనిన పదునైదేండ్ల నార్వే బాలుడు యోన్ లెక్ యోహాన్సెన్ పై అభియోగము మోపబడెను. తాను కొనిన డిస్కును తన లినక్సు కంప్యూటరులో చూచుకొనుటకే యని అతని వాదము. 2003 జనవరిలో న్యాయస్థానము అతనిని నిర్దోషిగా విడిచెను. ఆ డిసెంబరులోనే అప్పీలును వీగిపోయెను. తాళము విడినను బరువు తగ్గలేదు. ఒక పొర డీవీడీ 4.7 గిగాబైట్లు, రెండు పొరలది 8.5, నా ల్యాప్‌టాపు హార్డుడిస్కు మొత్తము 40. కావున డివెక్స్ పద్ధతిన సినిమాను 700 మెగాబైట్లకు కుదించుట ఆచారమయ్యెను. 2003లో ఎరిక్ పెటీ వ్రాసిన హ్యాండ్‌బ్రేకు వంటి ప్రోగ్రాములకు ఈ పని యప్పగించి రాత్రి నిద్రపోయినచో, తెల్లవారుజామున ఫ్యాను రొద సద్దుమణిగెడిది.

మన కాపీరైటు చట్టమున 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షను, హక్కులను భంగపరచు తలంపుతో తాళము విప్పుటను నేరముగా నెంచును. తాను కొనిన డిస్కును తన ఒడిలోనికి తెచ్చుకొనువానిని, పది కాపీలు తీసి బస్టాండులో అమ్మువానిని ఒకే గాట కట్టరాదనియే నా మతము. మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మిన దినములలో దొంగ డిస్కు కొనుటకు బీదరికమును సాకుగా చెప్పుటయు కష్టమే.

నా మాయాబజార్ డిస్కులలో ఒకదానిపై గీత పడియుండెను. మెత్తని బనీను గుడ్డతో, గుండ్రముగ గాక నడిమి నుండి అంచునకు తుడిచి, మూడవ మారు వేయగా గాని ఎక్కలేదు. ఎక్కినను, ఘటోత్కచుడు పెళ్ళివారి వంటకములను ఆరగించు ఘట్టమున లడ్డూలు చదరపు గళ్ళై చెదరిపోయినవి. ఆ ల్యాప్‌టాపు పోయినది. తరువాత కొనిన దానికి డిస్కు అరయే లేదు. ఫైలు మాత్రము పెన్‌డ్రైవు మీదుగా దీనిలోనికి వచ్చి చేరినది. తాడ్వాయి అడవిలో సిగ్నలు పోయిన పిదప ఇప్పటికిని నా ఒడిలో ఆడునది అదియే. లడ్డూల కడకు వచ్చుసరికి, దారిలో గుంత లేకున్నను, బొమ్మ ఒక్క క్షణము తడబడును.