పియానో మెట్లపై పరిహాసము

కోఠి యనగానే మనకు అంగళ్ల సందడియు, పాత పుస్తకముల గుట్టలును స్ఫురించును. ఆ పేరునకు మూలమైన రెసిడెన్సీ భవనము మాత్రము ప్రహరీ వెనుక నిలిచియున్నది. కర్క్‌పాట్రిక్ దొర 1803లో కట్టింప నారంభించిన ఆ సౌధము ముంగిట ఆరు మహాస్తంభములు, మెట్లకు ఇరువైపుల సింహములు కలవు. 1949 నుండి అది స్త్రీల విద్యాలయము.

ఆ 1803లోనే వియన్నాలో బీథోవెన్ పియానోకై కూర్చిన ఏడు చిన్న రచనలు అచ్చుపడినవి. వానికి ‘బగటెల్’ లని పేరు, అనగా అల్పవస్తువులు. రెండవ దానిలో ఊత పడవలసిన చోట పడదు. పడరాని చోట ఠపీమని పడును. బుర్రకథలో హాస్యపు వంత కథకుని మాటకు అడ్డు తగులుట మనమెరిగినదే. ఇదియు నట్టిదే.

పియానోకు గమకము చేతకాదు. మెట్టు నొక్కగానే స్వరము పలికి క్షీణించును, జారదు, ఊగదు. 1940లో మన రేడియో హార్మోనియమును వెలివేయుటకు ఇట్టి లోపమే ఒక కారణము. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. కాని పరిహాసమునకు ఆ లోపమే మేలు చేసినది. చటుక్కున పలికి చటుక్కున ఆగు వాద్యమే కదా మనలను ఏమరించగలది!

ఈ నవ్వు తేలికగా పుట్టినది కాదు. 1802 అక్టోబరులో బీథోవెన్ తన చెవుడును గూర్చి సోదరులకు కన్నీటి లేఖ వ్రాసి, పంపక దాచుకొనెను. 1827లో ఆయన మరణించిన పిదపనే అది బయటపడినది. ఆ లేఖ వ్రాసిన మరుసటి యేడే ఈ ‘అల్పవస్తువులు’ లోకమున కందినవి.

ఫ్రాన్సు దేశీయుడైన ఎరిక్ సాటీ త్రోవ వేరు. 1913లో ఆయన ‘ఎండిన పిండములు’ అను మూడు రచనలు చేసి, స్వరముల నడుమ వాదకునికై కొంటె మాటలు వ్రాసెను. ఒకచోట షోపాన్ శవయాత్రా గీతమును వెక్కిరించుచు, అది షూబర్ట్ వారి ప్రసిద్ధ మజుర్కా నృత్యమని పేర్కొనెను. అట్టి మజుర్కాయే లేదు! 1914 నాటి మరొక కృతిలోనైతే, వాదన సమయమున ఆ మాటలను పైకి చదువరాదని శాసించెను.

అట్లయిన రేడియో శ్రోతకు మిగులునదేమి? చాలనే మిగులునని మా యభిప్రాయము. ‘పిండముల’ ముగింపునే వినుడు. ముగిసెనన్న చోటెల్ల స్వరములు మరల మరల దబదబ మ్రోగును. మీట త్రిప్పబోయిన శ్రోత చేయి రెండు మూడు మార్లు వెనుకకు రాక తప్పదు.