గుత్తి కోటను ఫిరంగులు కూల్చలేదు. మరి ఏం కూల్చింది?

మాది శింగనమల. మన అనంతపురం జిల్లాలో కోట చూడాలంటే ముందు గుర్తొచ్చేది గుత్తి. హైదరాబాద్ హైవే మీద వెళ్ళేటప్పుడు అందరం బస్సు కిటికీలోంచి చూసిందే. "అబ్బా, ఎంత ఎత్తుందో" అనుకుని మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోతాం.

ఇవ్వాళ ఆ కోట గురించే మాట్లాడుకుందాం. రాజుల పేర్లు, తేదీలు వరసగా చదవడం కాదు. ఒక్కటే ప్రశ్న. ఇంత ఎత్తైన కోట, ఇన్ని గోడలు, ఇన్ని ద్వారాలు. ఇది శత్రువు చేతికి ఎలా చిక్కింది?

ముందు కోట ఎలా ఉంటుందో చూద్దాం. గుత్తి అంటే ఒక్క కొండ కాదు, కొన్ని కొండల గుంపు. వాటిని కలుపుతూ గోడలు కట్టారు. అన్నింటికన్నా ఎత్తైన కొండ మీద పై కోట ఉంటుంది, కింది మైదానం నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తు. దారి నేరుగా పోదు, మెలికలు తిరుగుతూ ఒక్కో ద్వారం దాటుకుంటూ పోతుంది. ప్రతి మలుపులోనూ మీరు పైవాళ్ళ గురికి దొరికేలా కట్టారు. విజయనగరం మొదటి రాజుల్లో ఒకరైన బుక్కరాయల కాలపు సంస్కృత శాసనం ఒకటి ఇక్కడ ఉంది, అందులో గుత్తిని కోటల్లో రాజు అని పొగిడారు. అది 14వ శతాబ్దం. అంతకన్నా పాతవి, పశ్చిమ చాళుక్యుల నాటి కన్నడ శాసనాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు కాసేపు యూరప్‌కి వెళ్ళొద్దాం. ఎందుకో చెప్తా.

మన విజయనగరం వెలుగుతున్న రోజుల్లోనే అక్కడ ఇటలీలో రినైసాన్స్ కాలం. 1494లో ఫ్రాన్స్ రాజు ఎనిమిదో ఛార్లెస్ ఫిరంగులు తీసుకుని ఇటలీ మీదికి వచ్చాడు. ఎత్తుగా, నిటారుగా ఉన్న పాత కోటగోడలు గుండ్ల దెబ్బకి నిలబడవని అందరికీ అర్థమైంది. దాంతో అక్కడి ఇంజనీర్లు డిజైనే మార్చేశారు. గోడల ఎత్తు తగ్గించి, లోపల మట్టి నింపి మందంగా కట్టారు. మూలల్లో బాణం మొనల్లాంటి బురుజులు పెట్టారు. 1593లో వెనిస్ వాళ్ళు మొదలుపెట్టిన పాల్మనోవా ఊరిని గూగుల్ మ్యాప్‌లో పైనుంచి చూడండి. తొమ్మిది మొనల నక్షత్రం కనిపిస్తుంది.

మన దగ్గర అంత మార్పు అవసరం రాలేదు. ఎందుకంటే మన గోడకి పునాది కొండే. నిట్టనిలువు రాతి మీదికి ఆ కాలపు ఫిరంగిని ఎక్కించడమే కష్టం, కింద నుంచి కొడితే గుండు పైదాకా రాదు.

కానీ కొండ మీద ఉంటే ఒక సమస్య ఉంది. నీళ్ళు.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు వస్తాయి, కానీ పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసి తేలికైపోతాయి. ఈశాన్య మేఘాలకేమో మనం తీరానికి దూరం. రెండు వైపులా మనకు మిగిలేది అడుగు బొడుగు. ఇలాంటి చోట, అందులోనూ కొండ నెత్తి మీద వందల మంది సిపాయిలు బతకాలి.

వాళ్ళు చేసింది చూస్తే ముచ్చటేస్తుంది. కొండలో రాళ్ళ మధ్య ఉండే పగుళ్ళకి, సందులకి అడ్డంగా కట్టి వాన నీళ్ళు ఆపారు. మన వైపు కొండ మీద నీటి గుంటని దొన అంటాం కదా, అలాంటివి. బావులూ తవ్వారు. నూటెనిమిది బావులని ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు.

ఇది ఎలా పనిచేస్తుందో చిన్న లెక్క వేద్దాం. అంకెలు చరిత్రవి కావు, అర్థం కావడానికి నేను వేసినవి. బండరాయి నీళ్ళు పీల్చుకోదు. ఒక ఎకరం బండ మీద 25 మిల్లీమీటర్ల మంచి వాన పడితే దాదాపు లక్ష లీటర్లు. అదంతా జారి ఒక్క గుంటలోకి చేరితే చాలు. ఇలా కోటలో 30 లక్షల లీటర్లు దాచుకున్నారు అనుకుందాం. 2,000 మంది మనుషులు, మనిషికి రోజుకి 5 లీటర్లు. రోజుకి 10,000 లీటర్లు, అంటే 300 రోజులు వస్తాయి. ఇప్పుడు దానికి 500 పశువుల్ని కలపండి. ఎద్దు, గుర్రం, ఒక్కొక్కటి 40 లీటర్లు తాగుతుంది. ఇంకో 20,000 లీటర్లు. 300 రోజుల నీళ్ళు 100 రోజులకే అయిపోతాయి.

ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే సరిగ్గా ఇదే జరిగింది.

18వ శతాబ్దంలో గుత్తి మురారి రావు ఘోర్పడే చేతిలో ఉంది. మరాఠా సర్దారు, మామూలు మనిషి కాదు. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి పట్టుకున్నప్పుడు ఆ ఊరి బాధ్యత ఈయనకే ఇచ్చారు. 1751లో ఆర్కాటులో రాబర్ట్ క్లైవ్ ముట్టడిలో చిక్కుకున్నప్పుడు సాయానికి కదిలింది ఈయన గుర్రపు దళమే. పై కోటలో కొండ అంచున చిన్న మంటపం ఉంటుంది. దాన్ని ఇప్పటికీ మురారి రావు గద్దె అంటారు, ఆయన అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్తారు.

మైసూరు హైదర్ అలీ బళ్ళారి తర్వాత గుత్తి మీద పడ్డాడు. ఊరు, కింది కోట ముందే పోయాయి. అక్కడి జనం, పశువులు పై కోటలోకి చేరాయి. ఇక లోడ్ ఎంత పెరిగిందో మీరే ఊహించుకోండి. సర్వర్ వంద మందికి కడితే వెయ్యి మంది లాగిన్ అయినట్టు. గోడలు అలాగే ఉన్నాయి, దొనలు మాత్రం ఎండిపోతున్నాయి.

మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ ఒక కథ చెప్తాడు. మురారి రావు రాజీకి వచ్చాడు. డబ్బు ఇస్తానని ఒప్పుకుని, హామీగా తన సేనాపతి కొడుకుని హైదర్ శిబిరానికి పంపాడు. హైదర్ ఆ కుర్రాడికి మర్యాద చేసి, భోజనం పెట్టి మాటల్లో పెట్టాడు. మీరు గొప్పగా పోరాడారు అని పొగిడితే, ఆ కుర్రాడు అసలు విషయం కక్కేశాడు. కోటలో మూడు రోజుల నీళ్ళే ఉన్నాయి, లేకపోతే మేం లొంగేవాళ్ళమే కాదు అని.

అంతే. హైదర్ ఏదో సాకు చూపి రాజీ చెల్లదన్నాడు, ముట్టడి మళ్ళీ బిగించాడు. 1776లో మురారి రావు లొంగిపోయాడు. ఆయన్ని ఖైదీగా తీసుకెళ్ళారు, చివరికి కబ్బాలదుర్గంలో చనిపోయాడు. అన్నేళ్ళ యుద్ధాలు చూసిన మనిషి గుట్టు ఒక్క మాటతో బయటపడింది.

నీళ్ళ భయం గుత్తికి ఒక్కదానికే కాదు. 1527లో రోమ్ నగరాన్ని సైన్యాలు దోచుకుంటే పోప్ ఏడో క్లెమెంట్ పారిపోయి ఓర్వియేతో అనే కొండ ఊరికి చేరాడు. ఊరిని ముట్టడిస్తే తాగడానికి ఏం చేయాలని ఆయన మొదట ఆలోచించాడు. ఆంటోనియో ద సంగాల్లో అనే ఆర్కిటెక్ట్‌తో 50 మీటర్లకు పైగా లోతున్న బావి తవ్వించాడు. లోపల రెండు మెట్ల దారులు, ఒకదాన్నొకటి తాకకుండా చుట్టుకుని ఉంటాయి. గాడిదలు ఒక దారిలో దిగి, నీళ్ళతో ఇంకో దారిలో ఎక్కుతాయి. ట్రాఫిక్ జామ్ అనేదే లేదు. ఆ పని మొదలైన రోజుల్లో ఇక్కడ విజయనగరాన్ని ఏలుతున్నది శ్రీకృష్ణదేవరాయలే.

గుత్తి తర్వాత కథ క్లుప్తంగా. టిప్పు పోయాక నిజాంకి, 1800లో ఇంగ్లీషు వాళ్ళకి. దత్త మండలాల మొదటి కలెక్టరు థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోతే ముందు గుత్తిలోనే పాతిపెట్టారు. కోట కింద ఉన్న ఇంగ్లీషు వాళ్ళ స్మశానం అదే. తర్వాత అస్థికలు మద్రాసుకి తీసుకెళ్ళారు.

ఇప్పుడు మీరు వెళ్తే ఏం చూడాలి? పొద్దున్నే ఎక్కండి, తొమ్మిది దాటితే బండ కాలుతుంది. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి, ఖాళీ బాటిల్ మళ్ళీ కిందికి తెచ్చేయండి. అక్కడి గుంటల్లో మాత్రం వేయొద్దు, అవే ఆ కోట ప్రాణం. గద్దె దగ్గర సెల్ఫీ అయ్యాక పక్కకి తిరిగి బండ వాలు ఎటు ఉందో చూడండి. వాన నీళ్ళు ఎటు జారి, ఎక్కడ ఆగేవో కనిపెట్టండి. ఆ దారి దొరికితే మీకు కోట అర్థమైనట్టే.

మా శింగనమల చెరువు కూడా ఇదే ఆలోచన. వాలు చూసి, కొండల ఆసరాతో కట్ట వేసి, పడ్డ నీళ్ళని ఆపడం. పాతవాళ్ళకి నీళ్ళెన్ని ఉన్నాయో కంటికి కనిపించేవి, కట్ట మీద నిలబడితే చాలు. మనం ఇప్పుడు బోర్లు వేస్తున్నాం. కింద ఎన్ని నీళ్ళున్నాయో, ఎన్ని రోజులకి వస్తాయో మనకు కనిపించదు. మోటారు గాలి కక్కిన రోజే తెలుస్తుంది. గుత్తిలో వాళ్ళకి కనీసం మూడు రోజుల ముందు తెలిసింది.

మీ ఊరి కొండ మీద దొన ఉందా, పాత బావి ఉందా? పేరు కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో పెనుకొండ ఎక్కుదాం. ఉంటాను మరి.