హీత్రూ నుంచి హోటల్‌కి

లండన్‌లో విమానం దిగి రైలెక్కడం నిన్నమొన్నటి ముచ్చట కాదు. 1936లోనే గాట్విక్ విమానాశ్రయంలో గుండ్రటి టెర్మినల్ కట్టి, రైల్వే స్టేషన్‌కు సొరంగదారి వేశారు. లండన్ విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కినవాళ్లు వానకు తడవకుండా విమానం దాకా చేరేవారు.

హీత్రూకు మాత్రం ఆ యోగం ఆలస్యంగా పట్టింది. 1946లో పౌర విమానాలకు తెరిచిన ఈ విమానాశ్రయానికి మూడు దశాబ్దాల పాటు బస్సులే దిక్కు. 1957లో క్రామ్‌వెల్ రోడ్డులో ఒక టెర్మినల్ మొదలైంది. బీఈఏ విమాన సంస్థ ప్రయాణికులు ఊళ్లోనే సామాను అప్పగించి, చెక్-ఇన్ ముగించుకుని, తీరిగ్గా బస్సెక్కేవారు. రైలు లేని లోటును కాస్త దర్జాగానే కప్పిపుచ్చారనాలి!

1977 డిసెంబరులో మెట్రో పికడిల్లీ లైన్ హీత్రూ నడిబొడ్డుకు చేరింది. దాంతో ఎర్ల్స్ కోర్ట్, రస్సెల్ స్క్వేర్ లాంటి హోటళ్ల పేటలు ఒకే మార్గం మీదికొచ్చాయి. టికెట్ చవక, ప్రయాణం నిదానం. రద్దీవేళ పెద్ద పెట్టెలతో ఎక్కినవాళ్ల అవస్థ వేరే చెప్పాలా?

1998లో హీత్రూ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ప్యాడింగ్టన్‌కు పావుగంటే. ఆ స్టేషన్‌ను ఆనుకుని 1854లో తెరిచిన రైల్వే హోటల్ ఇప్పటికీ ఉంది. అందులో దిగేవారికి వీధి దాటే పని కూడా లేదు. మిగతావాళ్లు మాత్రం మళ్లీ టాక్సీయో, మెట్రోనో వెతుక్కోవాల్సిందే.

2022 నవంబరు నుంచి ఎలిజబెత్ లైన్ రైళ్లు ప్యాడింగ్టన్‌లో ఆగిపోకుండా నేరుగా నగరం కిందుగా సాగుతున్నాయి. హీత్రూలో ఎక్కితే సుమారు అరగంటలో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగొచ్చు.