లెక్కకు రాని మెమరీ

కొన్ని సంవత్సరాల క్రిందట మా కళాశాల ప్రయోగశాలలో ఒక పాత కంప్యూటరు మరీ మందకొడిగా పనిచేస్తుండేది. దానిలో 2 గిగాబైట్ల మెమరీ మాత్రమే ఉన్నది. విద్యార్థులు తమలో తాము చందా వేసుకొని మరొక 2 గిగాబైట్ల ర్యామ్ కొని తెచ్చినారు. దానిని గాడిలో అమర్చి యంత్రమును ఆన్ చేసినాము. రెండును రెండును కలిసి నాలుగు కావలసినది; తెర మీద 3 గిగాబైట్లకు కొంచెము పైన మాత్రమే కనిపించినది. "అంగడివాడు మోసము చేసినాడు సార్" అన్నాడు ఒక విద్యార్థి. అనుటయే కాదు, ఆ సాయంకాలమే అంగడికి వెళ్లి నాలుగు మాటలు అని వచ్చినాడు.

నాకూ ఆ అనుమానమే కలిగినది. మరునాడు ర్యామ్‌లను ఒక్కొక్కటిగా పెట్టి చూసినాము. ఏది పెట్టినా దాని 2 గిగాబైట్లను అది సరిగానే చూపినది. కనుక ర్యామ్‌లలో లోపము లేదు, అంగడివానిలోను లేదు. మరి తక్కిన మెమరీ ఏమైనట్లు? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము కావలెనంటే అరువది ఏండ్లకు మించిన చరిత్రను కొంత తెలుసుకొనవలెను.

కరణము లెక్క

పూర్వము మన గ్రామాలలో కరణము ఉండేవాడు. ఊరి పొలాలన్నీ ఆయన అడంగలులో సర్వే నెంబర్ల వారీగా వ్రాసి ఉండేవి. పొలము ఉండుట వేరు, అది లెక్కలోనికి ఎక్కుట వేరు. ఎంత మంచి మాగాణి అయినా పుస్తకములో నెంబరు లేకపోతే దానిని ఎవరి పేరనూ వ్రాయుటకు వీలు లేదు.

కంప్యూటరులో ఈ కరణము పనిని చేసేది కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇది గుండెకాయ వంటిది. యంత్రమును ఆన్ చేయగానే మెమరీలోనికి వచ్చి కూర్చుంటుంది. ఆపివేసే వరకు అక్కడే ఉంటుంది. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వవలెనో, పని ముగిసిన తరువాత దానిని తిరిగి ఎట్లు తీసుకొనవలెనో నిర్ణయించేది ఇదే.

మెమరీలో ప్రతి బైటుకు ఒక నెంబరు ఉంటుంది. దానినే చిరునామా అంటారు. ఈ నెంబరును 0, 1 అనే రెండు అంకెలతోనే వ్రాయవలెను. అటువంటి ఒక్కొక్క అంకె ఒక బిట్టు. అడంగలులో నెంబరు కొరకు మూడు గళ్లే ఉన్నవనుకొనండి. 000 మొదలు 999 వరకు వేయి పొలాలకు మాత్రమే నెంబరు వేయగలము గదా! వేయిన్నొకటవ పొలము కళ్లెదుట కనిపిస్తున్నా పుస్తకములో దానికి చోటు లేదు. అదే విధముగా 16 బిట్ల చిరునామాతో 65,536 బైట్లను, 20 బిట్లతో 10,48,576 బైట్లను, 32 బిట్లతో 4,29,49,67,296 బైట్లను మాత్రమే గుర్తించగలము. ఈ చివరి సంఖ్యనే మనము 4 గిగాబైట్లు అంటాము.

పెద్దలు నేర్చిన పాఠాలు

1962 డిసెంబరులో ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయములో అట్లాస్ అనే కంప్యూటరు ప్రారంభమైనది. దానిని రూపొందించిన బృందమునకు నాయకుడు టామ్ కిల్‌బర్న్. ఆ రోజులలో వేగముగా పనిచేసే మెమరీని చిన్న చిన్న అయస్కాంత వలయాలతో అల్లేవారు. అది చాలా ఖరీదు. అట్లాస్‌లో అటువంటి మెమరీ 16,384 సంఖ్యలకు మాత్రమే సరిపోయేది. గిరగిర తిరిగే అయస్కాంత డ్రమ్ములలో మరి 98,304 సంఖ్యలకు చోటు ఉన్నది గాని, వాటి వేగము తక్కువ. కిల్‌బర్న్ బృందము మెమరీని 512 సంఖ్యల పుటలుగా విభజించినది. ఏ పుట ఎక్కడ ఉన్నదో యంత్రమే చూసుకొని, కావలసిన పుటను డ్రమ్ము నుండి తెచ్చుకొనేది. ప్రోగ్రాము వ్రాసేవానికి మాత్రము అంతా ఒకే పెద్ద మెమరీగా కనిపించేది. అనగా ప్రోగ్రాము చెప్పే చిరునామా ఒకటి, అసలు స్థలము మరొకటి. ఈ రెండింటికీ ముడి వేసేది పుటల పట్టిక. నేటి కంప్యూటర్లలో చాలా భాగము ఈ సూత్రము మీదనే నడుస్తున్నవి.

పుటల పట్టిక వచ్చినా, బిట్ల కొరత తీరలేదు. 1970లో అమెరికాలోని డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ పిడిపి-11 అనే యంత్రమును విడుదల చేసినది. దానిలో ప్రోగ్రాము చిరునామాకు 16 బిట్లే. మెమరీ ధర ఏటేటా పడిపోవుటతో కొనేవారు ఎక్కువ మెమరీ కొనగలిగినారు. ఒక్కొక్క ప్రోగ్రాము మాత్రము ఆ 65,536 బైట్ల గిరి దాటలేకపోయినది. 1976లో ఆ సంస్థకు చెందిన గోర్డన్ బెల్, విలియమ్ స్ట్రెకర్ అనే ఇంజనీర్లు తమ అనుభవమును ఒక వ్యాసములో నిర్మొగమాటముగా వ్రాసినారు. కంప్యూటరు నిర్మాణములో చిరునామా బిట్లు చాలకపోవుట వంటి, దిద్దుకొనుటకు కష్టమైన తప్పు వేరొకటి లేదని వారి వ్యాస సారాంశము. మరుసటి సంవత్సరమే ఆ సంస్థ 32 బిట్ల వ్యాక్స్ యంత్రమును తెచ్చినది. ఆ పేరులోనే చిరునామాల విస్తరణ అనే అర్థము ఇమిడి ఉన్నది.

అయినను ఇదే కథ చిన్న యంత్రాలలో మరల జరిగినది. 1981 ఆగస్టులో వచ్చిన ఐబిఎమ్ పర్సనల్ కంప్యూటరులో చిరునామాకు 20 బిట్లు. అనగా మొత్తము 1,024 కిలోబైట్లు. అందులో పై భాగమైన 384 కిలోబైట్ల చిరునామాలను తెర మొదలైన పరికరాలకు విడిచిపెట్టి, తక్కిన 640 కిలోబైట్లను ప్రోగ్రాములకు ఇచ్చినారు. అన్నిటికంటె చవక రకములో అప్పుడు ఉన్న మెమరీ 16 కిలోబైట్లే. దానికి నలుబది రెట్లు చోటు చూపినవారిని పిసినారులని నిందించుట న్యాయము కాదు. కాని పది సంవత్సరాలు తిరిగేసరికి ఆ 640 అంకె ప్రోగ్రాములు వ్రాసేవారికి తల బొప్పి కట్టించే అడ్డుగోడ అయినది.

చావడిలో చోటు చాలదు

1985లో ఇంటెల్ సంస్థ 80386 అనే ప్రాసెసరును తెచ్చినది. 32 బిట్ల చిరునామా, 4,096 బైట్ల పుటలు దీని విశేషము. 1991లో ఫిన్‌లాండు దేశములోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఈ ప్రాసెసరు మీదనే లైనక్స్ కెర్నెల్‌ను వ్రాయుట ప్రారంభించినాడు. దాని మూలము అందరికీ అందుబాటులో ఉండుటచే, ఎవరి అవసరమునకు తగినట్లు వారు కెర్నెల్‌ను తయారుచేసుకొనే వీలు కలిగినది. ఎన్నిక అనే సమస్య కూడా దానితోనే వచ్చినది.

32 బిట్ల లైనక్స్‌లో క్రమముగా స్థిరపడిన ఏర్పాటు ఇది. 4 గిగాబైట్ల చిరునామాలలో క్రింది 3 గిగాబైట్లు ప్రోగ్రాముకు, పై 1 గిగాబైటు కెర్నెల్‌కు. తన వాటాలో 128 మెగాబైట్లను ఇతర అవసరాలకు ఉంచుకొని, మిగిలిన 896 మెగాబైట్ల చిరునామాలకు కెర్నెల్ అసలు మెమరీని సూటిగా ముడి వేసుకొంటుంది. అప్పుడు ఏ బైటు కావలసినా వెదుకులాట లేదు. మెమరీని మెగాబైట్లలో లెక్కించే రోజులలో 896 అంటే సముద్రమే. కాని 1990ల చివర పెద్ద యంత్రాలలో 1, 2 గిగాబైట్ల మెమరీ వచ్చేసరికి కరణము చావడి ఇరుకైపోయినది.

దీనికి కనిపెట్టిన ఉపాయము, పై మెమరీని ఎల్లప్పుడూ ఎదుట ఉంచుకొనక, కావలసినప్పుడు ఒక్కొక్క పుటనే చిన్న కిటికీ వంటి చోటికి తెచ్చుకొనుట. చావడి అరలలో పట్టని దస్త్రాలను కొట్టుగదిలో ఉంచి, పని పడినప్పుడు ఒక్కొక్కటి తెప్పించుకొనినట్లన్న మాట. పని జరుగుతుంది, కాని కొంత కాలహరణము తప్పదు.

అంతకు ముందే, 1995లో, ఇంటెల్ సంస్థ పెంటియమ్ ప్రో ప్రాసెసరులో అసలు మెమరీ చిరునామాను 36 బిట్లకు పెంచినది. దీనిని పిఎఇ పద్ధతి అంటారు. 36 బిట్లతో 64 గిగాబైట్లను గుర్తించవచ్చును. ఒక్కొక్క ప్రోగ్రాముకు మాత్రము పూర్వము వలెనే 32 బిట్లే. కనుక ఏ ఒక్క ప్రోగ్రామూ ఒకేసారి 4 గిగాబైట్లకు మించి చూడలేదు. అనేక ప్రోగ్రాములు కలిసి పెద్ద మెమరీని పంచుకొనవచ్చును.

ఏ కెర్నెల్‌ను ఎన్నుకొనవలెను?

2001 జనవరిలో విడుదలైన లైనక్స్ 2.4 ఈ మూడు మార్గాలను వినియోగదారుని ముందు ఉంచినది. మొదటి రకము కెర్నెల్ 896 మెగాబైట్ల వరకే చూస్తుంది, కాని చురుకైనది. రెండవది 4 గిగాబైట్ల వరకు చూస్తుంది. మూడవది పిఎఇ సహాయముతో 64 గిగాబైట్ల వరకు చూస్తుంది.

అన్నిటికంటె ఎక్కువ చూసేదానిని ఎన్నుకొంటే సరిపోదా అని విద్యార్థులు అడుగుతారు. సరిపోదు. పిఎఇ పద్ధతిలో పుటల పట్టికలోని ప్రతి పద్దు 32 బిట్లకు బదులు 64 బిట్లు అవుతుంది. పట్టికలకే ఎక్కువ చోటు కావలెను. ఆ సౌకర్యము లేని ప్రాసెసరు మీద ఆ కెర్నెల్ అసలు మొదలే కాదు. మడిలో మోయదగిన కంప్యూటర్లకై తరువాత వచ్చిన పెంటియమ్-ఎమ్ ప్రాసెసర్లలో తొలి రకాలకు సైతము ఈ చిక్కు వచ్చినది.

ఇంకొక లెక్క చూడండి. 64 గిగాబైట్లను 4,096 బైట్ల పుటలుగా కోస్తే 1,67,77,216 పుటలు వస్తవి. ప్రతి పుటను గురించి కెర్నెల్ ఒక చిన్న పద్దు వ్రాసుకొనవలెను. పద్దుకు 32 బైట్లనుకొన్నా, మొత్తము 512 మెగాబైట్లు! ఈ పద్దులన్నీ ఆ 896 మెగాబైట్ల చావడిలోనే ఉండవలెను. ఊరి లెక్క వ్రాసిన పుస్తకమే సగము చావడిని ఆక్రమించినదన్న మాట. అందుచేత 2003లో రెడ్ హాట్ సంస్థ పెద్ద యంత్రాల కొరకు హ్యూజ్‌మెమ్ అనే ప్రత్యేక కెర్నెల్‌ను ఇచ్చినది. ఇందులో ప్రోగ్రాముకు దాదాపు 4 గిగాబైట్లు, కెర్నెల్‌కు వేరే 4 గిగాబైట్లు. కాని ఒకరి ఇంటి నుండి మరొకరి ఇంటికి మారిన ప్రతిసారీ పట్టికలు మార్చవలసి వచ్చి వేగము తగ్గేది. చిన్న యంత్రమునకు దానిని ఎక్కించుట శుద్ధ దండుగ.

మా ప్రయోగశాల చిక్కు

ఇప్పుడు మా కంప్యూటరు సంగతి తెలిసిపోతుంది. ఊరిలో పొలాలకే కాదు. చెరువుకు, బాటకు, శ్మశానమునకు కూడా సర్వే నెంబర్లు ఉంటవి. అట్లే తెరను నడిపే కార్డు, నెట్‌వర్క్ కార్డు మొదలైనవి కూడా ఆ 4 గిగాబైట్ల చిరునామాలలో పై భాగమును ఆక్రమిస్తవి. అక్కడ ఉండవలసిన మెమరీని మదర్‌బోర్డు 4 గిగాబైట్ల గిరికి ఆవల జరుపుతుంది. ఆ గిరి దాటిన చిరునామా వ్రాయుటకు 33వ బిట్టు కావలెను. మా యంత్రములోని 32 బిట్ల కెర్నెల్ పిఎఇ లేనిది. పొలము ఉన్నది, పుస్తకములో గడి లేదు. నాడు ఆ సాధారణ కెర్నెల్‌ను ఎన్నుకొని ఎక్కించినది నేనే!

పిఎఇ ఉన్న కెర్నెల్‌ను ఎక్కించగా దాదాపు 4 గిగాబైట్లూ లెక్కకు వచ్చినవి. అయితే కెర్నెల్ మార్చినంత మాత్రమున అన్నిచోట్లా ఫలితము ఉండదు. ప్రాసెసరు, మదర్‌బోర్డు, కెర్నెల్ మూడును ఒప్పుకొనవలెను. 32 బిట్ల విండోస్ ఎక్స్‌పి 2004 నాటి సర్వీస్ ప్యాక్ తరువాత పిఎఇ పద్ధతిని వాడుకొన్నా, 4 గిగాబైట్ల గిరిని మాత్రము దాటలేదు. పరికరాలను నడిపే కొన్ని డ్రైవర్లు పెద్ద చిరునామాలను సరిగా అందుకొనలేక యంత్రమును పడగొట్టుటయే దీనికి కారణము.

ఈ తంటాలన్నిటికీ అసలైన పరిష్కారము 64 బిట్ల మార్గము. 2003 ఏప్రిల్‌లో ఎఎమ్‌డి సంస్థ ఆప్టెరాన్ ప్రాసెసరును విడుదల చేసినది. పాత 32 బిట్ల ప్రోగ్రాములనూ నడుపుతూ, కొత్త ప్రోగ్రాములకు 48 బిట్ల చిరునామాను ఇచ్చిన ప్రాసెసరు ఇది. 48 బిట్లంటే 256 టెరాబైట్లు. ఇంత విశాలమైన చావడిలో కెర్నెల్ అసలు మెమరీనంతటినీ ఎదుటనే పరచుకొనవచ్చును. మరుసటి సంవత్సరము ఇంటెల్ కూడా ఇదే బాట పట్టినది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల పర్సనల్ కంప్యూటర్లకు కెర్నెల్ ఇచ్చుట మానివేసినారు. అయినను 48 బిట్లు ఎల్లకాలము చాలునని ఎవరూ అనుకొనలేదు. 2017లోనే లైనక్స్‌లో 57 బిట్ల చిరునామాకు ఏర్పాట్లు జరిగినవి.

ఉపాధ్యాయులు తమ పాఠశాలలో ఒక చిన్న పరిశీలన చేయించవచ్చును. ప్రతి కంప్యూటరులో అమర్చిన మెమరీ ఎంత, ఆపరేటింగ్ సిస్టమ్ చూపే మెమరీ ఎంత, అది 32 బిట్లదా, 64 బిట్లదా అని విద్యార్థుల చేత పట్టిక వేయించవలెను. తేడా కొద్దిగానే ఉంటే పరికరాలు, తెర వాడుకొన్న భాగము కావచ్చును. తేడా ఎక్కువగా ఉంటే, కొత్త ర్యామ్ కొనుటకు ముందు కెర్నెల్‌ను గురించి ఆలోచించవలెను. ఈ పరిశీలన వలన డబ్బు మిగలవచ్చును.

మా ర్యామ్ లెక్క తేలిన నాడు ఆ విద్యార్థిని వెంటబెట్టుకొని నేను అంగడికి వెళ్లినాను. పిల్లవానిని మందలించుటకు నాకు నోరు రాలేదు. ఎన్నిక తప్పినది నాది గదా. ఇద్దరమూ క్షమాపణ చెప్పుకొన్నాము. అంగడివాడు నవ్వి, ఇటువంటి ఫిర్యాదుతో తన వద్దకు వచ్చినవారిలో మేము మొదటివారము కామన్నాడు. తిరిగి వచ్చి చెప్పినవారిలో మాత్రము మేమే మొదటివారమట.