యాపిల్ పార్కులో పాత కొట్టం

మా క్యూపర్టీనోకు చుట్టపుచూపుగా వచ్చే తెలుగువాళ్ళు ముందుగా చూపించమనేది యాపిల్ పార్కునే. 28 లక్షల చదరపు అడుగుల ఆ గుండ్రటి భవనం ఫొటోలు చూడనివాళ్ళు లేరు. అదే ఆవరణలో 1916 నాటి చెక్క కొట్టం ఒకటి ఉందంటే మాత్రం నమ్మరు.

అది గ్లెండెనింగ్ కుటుంబానిది. రెడ్‌వుడ్ పలకలతో కట్టారు. అప్పట్లో శాంతాక్లారా లోయంతా పండ్లతోటలే. ప్లమ్ పళ్ళను ఎండబెట్టి ప్రూన్స్‌గా అమ్మేవారు. ఇక్కడి ప్రూన్‌రిడ్జ్ రోడ్డుకు ఆ పేరు వాటివల్లే. తోటలు పోయి కంపెనీలొచ్చాయి. నేల హ్యూలెట్ ప్యాకార్డ్ చేతికీ, 2010లో యాపిల్ చేతికీ మారినా కొట్టాన్ని ఎవరూ కూల్చలేదు. నగరం గుర్తించిన చారిత్రక స్థలాల్లో అదొకటి మరి.

కొత్త భవనం కట్టేటప్పుడు దాన్ని పూర్తిగా విప్పేశారు. పలకలు, దూలాలు, చివరికి మేకులకు కూడా నంబర్లు వేసి దాచి, తర్వాత ఆవరణలోనే మళ్ళీ నిలబెట్టారు. పాడైన పలకల చోట వేయడానికి పాత రెడ్‌వుడ్డే సేకరించారు.

నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. దాన్ని కాఫీ హోటలో, మీటింగ్ గదో చెయ్యలేదు. తోటపని సామాను, ఎరువులు, ఆటవస్తువులు పెట్టుకునే గదిగా వాడుకోవాలనుకున్నారు. ఆవరణలో సుమారు 9,000 చెట్లు, వాటిలో ఆప్రికాట్, ప్లమ్ కూడా ఉన్నాయి. అంటే కొట్టానికి పాత ఉద్యోగమే మళ్ళీ దొరికిందన్నమాట! పాత ఇంటికి ఏసీ బిగించి, గోడకో నాగలి తగిలించి వారసత్వం అనేవాళ్ళు దీన్ని చూసి నేర్చుకోవచ్చు.

అయితే ఉల్ఫ్ రోడ్డుకూ టాంటావ్ అవెన్యూకూ మధ్య ఉండిన ప్రూన్‌రిడ్జ్ ముక్క ఆ ఆవరణలో కలిసిపోయింది. కొట్టాన్ని కాపాడిన చారిత్రక స్థలాల జాబితా దారిని కాపాడలేదు. కొట్టం కూడా కంచె లోపలే. ఊరివాళ్ళు దగ్గరికి వెళ్ళి చూసే వీల్లేదు. ఈ రెండూ నా దృష్టిలో లోపాలే.

లోపలికి అడుగుపెట్టగల పాత పొలం కావాలంటే మెక్లెల్లన్ ర్యాంచ్ ఉంది. 1972లో నగరమే కొని ఉంచింది. అక్కడి పాత ఇంట్లో పక్షి ప్రేమికుల సంఘం ఆఫీసు నడుస్తోంది. ఈసారి చుట్టాలొస్తే యాపిల్ పార్కు గేటు దగ్గర ఫొటో దిగాక అక్కడికీ తీసుకెళ్ళండి.