భీముడి పొట్ట ఎక్కడికి పోయింది?

పిల్లల కార్టూన్ల గురించి మన పత్రికల్లో వచ్చే రాతల్లో ఒక కథ పాతుకుపోయింది. పూర్వం మన బొమ్మల్లో వీరులు మెత్తగా, నున్నగా ఉండేవారట. డిస్నీ వచ్చి నడుములు సన్నం చేసింది, శాటిలైట్ చానళ్లు వచ్చి కండలు తెచ్చిపెట్టాయి, వాటిని చూసి మన పిల్లలు తమ ఒంటిని తామే అసహ్యించుకుంటున్నారు అని ఆ కథ చెబుతుంది. ఇందులో నిజం లేదనను. కాకపోతే ఇది దోషాన్ని చాలా దూరం నెట్టేస్తోంది, పైగా తప్పు దేహం మీద మోపుతోంది. పిల్లల మీద పడే భారం హీరో కండల కంటే, హీరో పక్కన నిలబెట్టిన లావుపాటి పిల్లాడి వల్ల ఎక్కువని నా అభిప్రాయం. మన పిల్లలు రోజూ చూసే ఆ లావుపాటి పిల్లాణ్ణి గీసింది కాలిఫోర్నియాలో కాదు, హైదరాబాద్‌లో.

తొలి దశ చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. 1937లో డిస్నీ ‘స్నో వైట్’ తీసినప్పుడు ఒక యువ నర్తకి చేత అభినయింపజేసి, ఆ కదలికలను చూసి బొమ్మలు గీశారు. అంతకు నాలుగేళ్ల ముందు ఫ్లైషర్ స్టూడియో పొపాయ్‌ని తెరమీదికి తెచ్చింది. ఉబ్బిన ముంజేతులు తప్ప అతని ఒంట్లో చెప్పుకోదగ్గ కండే లేదు. 1941లో అదే స్టూడియో సూపర్‌మ్యాన్‌ని గీసింది. అక్కడి నుంచి 1983 నాటి హీ-మ్యాన్ దాకా దారి తిన్నగానే ఉంటుంది. హీ-మ్యాన్ వెనక ఉన్నది మ్యాటెల్ బొమ్మల కంపెనీ. ఆ బొమ్మల్లో ఒక సంగతి చాలామంది దృష్టికి రాదు. హీరో హీ-మ్యాన్‌కీ, విలన్ స్కెలిటార్‌కీ మొండెం అచ్చు ఒకటే. తల మారుతుంది, రంగు మారుతుంది, ఛాతీ మాత్రం అదే. దూరదర్శన్‌లో ఆ సీరియల్ చూస్తూ పెరిగిన పిల్లలకు కండ అనేది బలానికి గుర్తయిందేమో గానీ, మంచివాడు ఎవడో చెడ్డవాడు ఎవడో దాన్ని బట్టి తేల్చుకునే వీలు లేకపోయింది.

1999లో హార్వర్డ్ మానసిక వైద్యుడు హారిసన్ పోప్ బృందం పాత, కొత్త జి.ఐ. జో బొమ్మల కొలతలు తీసింది. బొమ్మల కండలు దశాబ్దాల తరబడి పెరుగుతూ వచ్చాయనీ, తాజా బొమ్మను మనిషి ఎత్తుకు పెంచి చూస్తే దాని జబ్బలు ఏ బాడీబిల్డర్ జబ్బలనైనా మించిపోతాయనీ తేల్చింది. కండల కథ చెప్పేవాళ్లు తరచు చూపించే సాక్ష్యం ఇదే. ఆ కొలతలు సరైనవే. అయితే అవి బొమ్మ ఎలా మారిందో చెబుతాయి, దాన్ని చూసిన పిల్లవాడు ఏమయ్యాడో చెప్పవు.

మన వీరులు మెత్తనివారన్న మాట సగమే నిజం. రాముడి విషయంలో, కృష్ణుడి విషయంలో అది సరిపోతుంది. కేలండర్ బొమ్మల్లో, బాపు గీతల్లో, ఎన్టీఆర్ పౌరాణికాల్లో ఆ దేహాలకు కండల గీతలు లేవు. 1992లో యుగో సాకో, రామ్ మోహన్ కలిసి తీసిన ‘రామాయణ’ యానిమేషన్ సినిమాలో కూడా రాముడు సన్నగా, సౌమ్యంగానే ఉంటాడు. ధనుస్సు ఎక్కుపెట్టిన కండల రాముడు ఎలా పుట్టుకొచ్చాడో అనూరాధా కపూర్ 1993లోనే వివరంగా రాశారు. దానికి కార్టూన్లతో సంబంధం లేదు, ఆనాటి రాజకీయాలతో ఉంది. కానీ హనుమంతుడూ భీముడూ ఎప్పుడూ కండలవాళ్లే. ఆ కండ జిమ్ములో చెక్కిన కండ కాదు, తాలింఖానాలో పెంచిన కండ. దాంతోపాటు బరువు ఉంటుంది, పొట్ట కూడా ఉంటుంది.

తెలుగువాళ్లకు దీని సాక్ష్యాలు కొల్లలు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడిని జనం కలియుగ భీముడన్నారు. ఆయన ఫొటోల్లో కనిపించేది దిట్టమైన, విశాలమైన మల్లయోధుడి దేహం. 1963లో ‘నర్తనశాల’ తీసినప్పుడు భీముడి వేషానికి దండమూడి రాజగోపాల్‌ను తీసుకున్నారు. ఆయన వెయిట్‌లిఫ్టర్, 1951 ఆసియా క్రీడల్లో పతకం తెచ్చినవాడు. అంతకు ఆరేళ్ల ముందు ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు పెళ్లి వంటకాలన్నీ ఒక్కడే లాగించేస్తుంటే ప్రేక్షకులు నవ్వారు. అయితే అది ఎగతాళి నవ్వు కాదు. ఆ తిండి ఆనందాన్ని తామూ పంచుకున్న నవ్వు. కథలో పెళ్లి చక్కదిద్దేదీ, దుష్టుల పని పట్టేదీ ఆ భారీ దేహమే.

అసలు మహాభారతంలోని భీముడే వృకోదరుడు, అంటే తోడేలు పొట్టవాడు. బకాసురుడికి పంపిన బండెడు అన్నం ముందు తాను తిని ఆ తర్వాతే రాక్షసుణ్ణి చంపాడు. విరటుడి కొలువులో వంటవాడిగా చేరాడు. ఆకలి, పొట్ట, బలం ఈ మూడూ అతనిలో ఒకే దేహంలో ఉన్నాయి. వాటిని విడదీసింది 2008.

ఆ ఏడాది హైదరాబాద్‌కి చెందిన గ్రీన్‌గోల్డ్ యానిమేషన్ తీసిన ‘ఛోటా భీమ్’ పోగో చానల్‌లో మొదలైంది. దాని సృష్టికర్త రాజీవ్ చిలక. అప్పటిదాకా మన పిల్లల చానళ్లను విదేశీ సీరియళ్లు ఏలుతున్నాయి. ఢోలక్‌పూర్ అనే పల్లె, నారింజ రంగు పంచె కట్టిన కుర్రాడు, లడ్డూలు కలిసి ఆ పరిస్థితిని మార్చేశాయి. ఈ విజయాన్ని నేను చిన్నచూపు చూడను. మన బడ్జెట్లతో, మన ఊళ్ల వాతావరణంతో, మన పేర్లతో పిల్లల్ని కట్టిపడేయవచ్చని నిరూపించింది ఈ సీరియలే. దీని మీద వచ్చిన విమర్శలు రెండే రకాలు. కొట్లాటలు ఎక్కువన్నారు, లడ్డూలు తినమని నేర్పుతోందన్నారు. ఢోలక్‌పూర్‌లో ఎవరి ఒళ్లు ఎలా గీశారో మాత్రం పట్టించుకున్నవాళ్లు తక్కువ.

చూడండి. భీమ్‌కి ఆకలి ఉంది, లడ్డూ తినగానే వచ్చే బలం ఉంది, పొట్ట మాత్రం లేదు. ఆ పొట్ట కాలియాకి వెళ్లింది. అతని పూర్తి పేరు కాలియా పహిల్వాన్. అంటే తాలింఖానా దేహమూ, బిరుదూ రెండూ అతనివే. అతను గొప్పలు చెప్పుకుంటాడు, అసూయపడతాడు, ఢోలు, భోలు కవలల్ని వెంటేసుకుని ఎత్తులు వేస్తాడు, పోటీలో ఓడిపోతాడు, భయమేస్తే అందరికంటే ముందు పరుగు తీస్తాడు. ఊళ్లో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే మరో లావుపాటి మనిషి లడ్డూలు చేసే టున్‌టున్ మౌసీ. ఆ పేరు పాత హిందీ సినిమాల హాస్యనటిని గుర్తుచేస్తుంది. లడ్డూలు దొంగిలించాడని ఆమె భీమ్‌ని తరుముతుంటే మనం నవ్వుతాం. భీమ్ ఎన్ని లడ్డూలు తిన్నా అతని ఒంటికి ఏమీ అంటదు. లడ్డూల ఖాతా ఆ ఇద్దరి ఒంటి మీద రాసి ఉంటుంది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ నాకు కనిపించదు. కారణం పనితీరులో ఉందనుకుంటాను. టీవీ యానిమేషన్‌కి టైమ్ తక్కువ, డబ్బు తక్కువ. పాత్ర మొహం కనపడక, నల్లటి నీడ మాత్రమే కనపడినా అది ఎవరో పిల్లలకు తెలియాలి. అందుకని ఒకరిని గుండ్రంగా, ఒకరిని పొడుగ్గా, ఒకరిని పొట్టిగా వేస్తారు. అంతవరకు అది మంచి పద్ధతే. చిక్కంతా తర్వాతే మొదలవుతుంది. ఆకారం తేడా చూపించడంతో ఆగకుండా గుణాన్ని కూడా దానికే కట్టేస్తే రచయితకు పని తేలిక. తిండిపోతు, బద్ధకస్తుడు, పిరికివాడు అని మాటల్లో చెప్పక్కర్లేదు, పొట్ట చెప్పేస్తుంది. మన హాస్య సినిమాలు ఈ సులువును ఎప్పుడో మరిగాయి. కార్టూన్లు దాన్నే అందిపుచ్చుకున్నాయి. సినిమా నెలకో రెణ్ణెల్లకో ఒకటి చూస్తాం. సీరియల్ రోజూ వస్తుంది, చూసిన ఎపిసోడే మళ్లీ మళ్లీ వస్తుంది. 2008లోనే ‘మాయాబజార్’కి కె.వి. రెడ్డి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ‘ఘటోత్కచ్’ అనే యానిమేషన్ సినిమా తీశారు. ఆ పాత వరసను కొనసాగించే దారి అదే అయివుండేది. కానీ రోజువారీ సీరియల్‌కి ఉన్న పట్టు ఒక్క సినిమాకి ఎక్కడి నుంచి వస్తుంది?

దీనివల్ల పిల్లల మనసు మీద ఏం జరిగిందో రుజువు చేయగలమా? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ విషయంలో పేరున్న పరిశోధనలు ఎక్కువగా అమెరికావి. 2010లో షారన్ హేస్, స్టేసీ టాంట్‌లెఫ్-డన్ మూడు నుంచి ఆరేళ్ల వయసున్న 121 మంది ఆడపిల్లలకు రాకుమార్తెల యానిమేషన్ దృశ్యాలు చూపించి గమనించారు. ఆ దృశ్యాలు చూసినంత మాత్రాన పిల్లలకు తమ ఒంటి మీద అసంతృప్తి పెరగలేదు. కానీ ఆ పసివాళ్లలో దాదాపు సగం మందికి లావైపోతామన్న బెంగ అప్పటికే ఉంది. డిస్నీని తిట్టేవాళ్లు రెండో సంగతి చెప్పి మొదటిది దాటేస్తారు. సారా కోయిన్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో రాకుమార్తెల కథల్ని ఇష్టపడిన మగపిల్లలకు తమ ఒంటి మీద గౌరవం కాస్త ఎక్కువగానే ఉందని తేలింది. కాబట్టి సన్నటి హీరోయిన్‌ని చూస్తే పిల్లలు కుంగిపోతారన్న సూత్రం అంత తిన్నగా నిలబడదు.

నిలబడేది మరొకటి ఉంది. హ్యూ క్లైన్, కెన్నెత్ షిఫ్‌మన్ 1930ల నుంచి వచ్చిన అమెరికన్ కార్టూన్లను పరిశీలించి, లావుపాటి పాత్రల్ని తక్కువ తెలివి, తక్కువ అందం ఉన్నవాళ్లుగా చూపించడం వాటిలో రివాజని 2005లో చెప్పారు. ఇంకా పాత సంగతి ఒకటి చూడండి. 1961లో స్టీఫెన్ రిచర్డ్‌సన్ బృందం పదీ పదకొండేళ్ల పిల్లలకు ఆరు బొమ్మలు చూపించి, ఎవరితో స్నేహం చేస్తారో వరసగా చెప్పమంది. ఊతకర్రలతో ఉన్న పిల్ల, చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల, చెయ్యి లేని పిల్ల, మొహం మీద మచ్చ ఉన్న పిల్ల అందరూ అయ్యాక చిట్టచివర నిలిచింది లావుపాటి పిల్ల. 2003లో జానెట్ లాట్నర్, ఆల్బర్ట్ స్టంకర్డ్ అదే పరీక్ష మళ్లీ పెడితే ఆ అయిష్టం ఇంకా పెరిగింది. దీనికంతటికీ కార్టూన్లే కారణమని ఈ అధ్యయనాలు చెప్పవు, నేనూ చెప్పను. ఇంట్లో మాట, బడిలో మాట, పెళ్లిళ్లలో ‘ఎంత లావయ్యావే’ అనే పలకరింపు అన్నీ కలుస్తాయి. కార్టూన్ ఆ మాటకు ఒక మొహాన్నీ పేరునూ ఇస్తుంది. ఒకప్పుడు బండోడు అని ఏడిపించిన బడి ఆటస్థలంలో ‘కాలియా’ అని పిలవడం నేను విన్నాను. ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెడితే భీమ్ వేషం వేస్తానని ఎంత ముచ్చటపడినా, బొద్దుగా ఉన్న పిల్లాడికి తోటివాళ్లు ఏ వేషం అంటగడతారో ఏ టీచర్‌ని అడిగినా చెబుతారు.

నాకు ఎదురయ్యే అభ్యంతరాలు రెండున్నాయి. ఒకటి, కాలియా విలన్ కాదు. భీమ్ అతన్ని ఆపదల్లో కాపాడతాడు, అవసరమైనప్పుడు అతనూ భీమ్ జట్టులోనే ఉంటాడు. నిజమే. అయినా క్షమించేవాడు ఎప్పుడూ భీమ్, క్షమ పొందేవాడు కాలియా. రెండోది, 2012లో నికెలోడియన్‌లో మొదలైన ‘మోటు పత్లు’. అందులో లావుపాటివాడే హీరో కదా అంటారు. మోటుని పిల్లలు ప్రేమిస్తారు, సమోసా తినగానే అతనికీ బలం వస్తుంది. మన రేలంగి, రమణారెడ్డి జంట గుర్తుకొస్తారు. అయితే బుర్ర పత్లుది, పొట్ట మోటుది. పొట్టకు ప్రేమ దొరికింది గానీ తెలివి దొరకలేదు.

ఇక ఇప్పటి సంగతి. ‘ద లెజెండ్ ఆఫ్ హనుమాన్’ (2021), ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ (2024), 2025 జులైలో తెలుగులోనూ థియేటర్లు నింపిన ‘మహావతార్ నరసింహ’ చూస్తే కండ ఒక్కటే మూసలోకి వచ్చేసిందని తెలుస్తుంది. హనుమంతుడికి కూడా మల్లయోధుడి బరువు పోయి, జిమ్ము ట్రైనర్ నడుము వచ్చింది. సాంకేతికంగా మనవాళ్లు సాధించినది చిన్నదేమీ కాదు, నరసింహస్వామి స్తంభం చీల్చుకు వచ్చే ఘట్టం గొప్పగా ఉంది. ఆరేళ్ల పిల్లవాడు ఆ ఉగ్రరూపాన్ని చూసి తన ఒంటితో పోల్చుకుంటాడని నేను అనుకోను. పదమూడు, పధ్నాలుగేళ్ల కుర్రాళ్ల విషయం వేరు. సినిమా హీరోల సిక్స్‌ప్యాక్, జిమ్ము, ప్రోటీన్ పొడి వాళ్లకు చేతికందే దూరంలో ఉన్నాయి. అక్కడ ఈ మూస పనిచేస్తుంది.

డిస్నీ మీద కోపం ఉన్నవాళ్లు ‘ఎన్‌కాంటో’ (2021) చూడాలి. అందులో లూయిసా అనే అక్క కండలు తిరిగిన భారీ మనిషి. ఆమె బాధ తన ఒంటి గురించి కాదు, ఇంటి భారమంతా తన మీద వేసుకోవడం గురించి. మరుసటి ఏడాది అదే సంస్థ ‘రిఫ్లెక్ట్’ అనే చిన్న చిత్రంలో బొద్దుగా ఉన్న నర్తకిని చూపించింది. ఉద్దేశం మంచిదే, కానీ కథంతా ఆమె ఒంటి చుట్టూనే తిరిగింది. నాకు లూయిసాయే మేలనిపిస్తుంది.

మన దగ్గర పొట్ట ఉన్న భీముడు మళ్లీ కనిపించింది ఒక్కచోటే. 2019లో గ్రీన్‌గోల్డ్ వాళ్లే నెట్‌ఫ్లిక్స్‌కి తీసిన ‘మైటీ లిటిల్ భీమ్’లో. మాటల్లేని ఆ సీరియల్‌లో పాకే పసివాడు బుగ్గలతో, బొజ్జతో ఎంత అల్లరి చేసినా దేశదేశాల్లో ముద్దొచ్చాడు. అంటే బొజ్జ ఉన్న హీరోని గీయడం ఆ చేతులకు వచ్చు, దాన్ని ప్రేక్షకులు ఒప్పుకుంటారని కూడా తేలింది. పసితనం దాటగానే ఆ బొజ్జను హీరో దగ్గర లాక్కుని కాలియాకి తగిలించనక్కర్లేదు. హైదరాబాద్ స్టూడియోల్లో కథలు రాసేవాళ్లనూ పాత్రలు గీసేవాళ్లనూ నేను కోరేది ఇదే. కోడి రామమూర్తినీ దండమూడినీ చూసిన నేల మీద పని చేస్తున్నారు. ఒక్క సీరియల్‌లో ఊరిని కాపాడే పనిని, ఆలోచించే బుర్రను, క్షమించే మనసును పొట్ట ఉన్న పిల్లాడికో పిల్లకో ఇవ్వండి. ఇచ్చాక ఆ పొట్ట గురించి ఏ పాత్ర చేతా ఒక్క మాట కూడా అనిపించకండి.