వేషానికి పూజ, వ్యక్తికి శిక్ష: పాఠశాల విద్యార్థి క్లబ్బుకు కర్నూలు, కడప చరిత్ర పాఠాలు

1. ప్రవేశిక

లైంగిక, లింగ వైవిధ్యం గల విద్యార్థులూ వారి మిత్రులూ కలిసి నడుపుకొనే పాఠశాల క్లబ్బులు ఇప్పుడు అనేక దేశాలలో ఉన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో కాంకర్డ్ అకాడమీలో 1988లో ఏర్పడిన సంఘం వీటికి తొలి ఉదాహరణల్లో ఒకటి. పుస్తక చర్చ, నాటక ప్రదర్శన, అతిథి ప్రసంగం వంటివి ఇటువంటి క్లబ్బులకు తగిన కార్యక్రమాలు. వీటిని మన పాఠశాలలకు యథాతథంగా తెచ్చినప్పుడు ‘ఇది మన నేలది కాదు’ అన్న ఆక్షేపణ తప్పక ఎదురవుతుంది. కర్నూలు, కడప ప్రాంతాల చరిత్రలోనే ఇటువంటి క్లబ్బుకు చాలినంత సామగ్రి ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. అయితే ఆ చరిత్ర కేవలం గర్వకారణం కాదు, హెచ్చరిక కూడా.

2. సంతెకుడ్లూరు మొక్కు

కర్నూలు జిల్లా ఆదోని మండలం సంతెకుడ్లూరులో హోలీ పండుగకు పురుషులు చీర కట్టి, నగలు పెట్టుకొని, పూలు ముడుచుకొని రతీమన్మథులను పూజిస్తారు. ఇది హాస్యవేషం కాదు, మొక్కు. తిరుపతి గంగమ్మ జాతరలోనూ పురుషులు స్త్రీవేషం ధరించడం ప్రసిద్ధమే. కనుక స్త్రీవస్త్రం ధరించిన పురుషదేహం రాయలసీమకు అపరిచితం కాదు. కాని ఈ అనుమతికి గడువుంది. మొక్కు తీరగానే భక్తుడు తన నిత్యవేషానికి మరలుతాడు. సమాజం ఇక్కడ అంగీకరించింది వేషాన్ని. ఆ వేషమే తన నిత్యజీవితమని భావించే వ్యక్తిని కాదు.

3. తుంగభద్రకు ఆవల

ఈ భేదం ఎంత తీవ్రమైనదో పొరుగు రాజ్యపు చట్టం తెలుపుతుంది. నిజాము 1800లో కడప ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. కర్నూలు నవాబు పాలన 1839లో అంతమయింది. ఆ విధంగా రెండు ప్రాంతాలూ మద్రాసు పాలనలోకి వచ్చాయి. కర్నూలుకు తుంగభద్ర ఆవలనున్న ఆలంపురం మాత్రం హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోయింది. ఆ రాజ్యం 1329 ఫసలీలో, అనగా 1919లో, నపుంసకుల చట్టాన్ని తెచ్చింది. వారి పేర్లను ప్రభుత్వ పట్టికలో నమోదు చేయాలనీ, స్త్రీవస్త్రాభరణాలతో బహిరంగ స్థలంలో కనిపించినా, వీథిలో ఆడిపాడినా వారంటు లేకుండా నిర్బంధించవచ్చుననీ ఆ చట్టం నిర్దేశించింది.

ఏటికి ఈవల మొక్కుగా నిలిచిన చీర ఆవల నేరానికి సాక్ష్యమయింది. మారింది చీర కాదు, దానిని ధరించినవారిపై వేసిన ముద్ర. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా ఆ చట్టం తెలంగాణ ప్రాంతానికి వర్తిస్తూనే వచ్చింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. ఈవలి గట్టు కూడా నిర్దోషి కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ మద్రాసు రాజధానికి వర్తించింది. పరస్పర సమ్మతి గల వయోజనుల స్వలింగ సంబంధాలను సుప్రీంకోర్టు ఆ సెక్షను నుండి విడిపించినది 2018 సెప్టెంబరు 6న మాత్రమే.

4. సురభి రంగస్థలం

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ‘కీచకవధ’ నాటకాన్ని ప్రదర్శించడంతో సురభి నాటక సంప్రదాయం ఆరంభమయింది. స్త్రీపాత్రలను పురుషులే ధరించడం వాడుకగా ఉన్న కాలంలో సురభి కుటుంబాల స్త్రీలు రంగమెక్కారు. తాడిపత్రిలో జన్మించిన బళ్లారి రాఘవ కూడా స్త్రీపాత్రలు స్త్రీలకే దక్కాలని వాదించాడు. పాత్ర లింగమూ నటుల లింగమూ ఒకటి కానక్కరలేదని ఒక సంప్రదాయం తెలిపితే, తమ పాత్రలో తాము నిలిచే హక్కు స్త్రీలకు ఉండాలని మరొకటి తెలిపింది. కీచకవధ కథ జరిగే విరాటుని కొలువులోనే అర్జునుడు బృహన్నలగా నాట్యాచార్య పదవిలో ఉన్నాడన్నది ఇక్కడ స్మరణీయం.

5. క్లబ్బు కార్యక్రమాలు

ఈ సామగ్రి నుండి నాలుగు కార్యక్రమాలను రూపొందించవచ్చు. మొదటిది పటరచన: తుంగభద్రకు ఇరువైపులా మొక్కునూ చట్టాన్నీ గుర్తించి, తేదీలు వేసి, భేదానికి కారణాలు చర్చించడం. రెండవది నాటక పఠనం: విరాటపర్వ కథలోని పాత్రలను లింగభేదం పాటించక పంచుకొని చదివి, బృహన్నల పాత్ర ఎక్కడ గౌరవం పొందిందో, ఎక్కడ పరిహాసం పాలయిందో పరిశీలించడం. మూడవది పదసేకరణ: హిజ్రా, జోగప్ప మొదలైన పదాల వాడుకను పెద్దల నుండి సేకరించి, తిట్టుగా మారినవాటిని వేరుచేయడం. నాల్గవది చట్టపఠనం: 2014 ఏప్రిల్ 15 నాటి సుప్రీంకోర్టు నల్సా తీర్పునూ 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టాన్నీ కలిపి చదవడం. ఆ చట్టంలోని 13వ సెక్షన్ ప్రభుత్వ గుర్తింపు గల విద్యాసంస్థలు చదువుతో పాటు క్రీడలు, వినోద కార్యక్రమాలలోనూ వివక్ష లేని అవకాశం కల్పించాలంటుంది.

వీటన్నిటికీ ఒక నియమం ప్రాణం. ఏ విద్యార్థినీ తన అస్తిత్వం చెప్పమని అడగరాదు; చెప్పినదానిని అనుమతి లేక బయటపెట్టరాదు. హైదరాబాదు పట్టిక నేర్పే పాఠమదే: పేరు నమోదు చేయడం రక్షణకే జరుగుతుందన్న భరోసా లేదు.

6. ముగింపు

ట్రాన్స్‌జెండర్ బాలల విద్యపై జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి 2021లో వెలువరించిన ఉపాధ్యాయ శిక్షణ గ్రంథం ఆక్షేపణల నడుమ వెనక్కి తీసుకోబడింది. ఈ స్థితిలో స్థానిక చరిత్ర ఉపాధ్యాయునికి బలమైన ఆధారం కాగలదు. అయితే సంతెకుడ్లూరును చూపి ‘మనవారు ఏనాడో అంగీకరించారు’ అనడం తొందరపాటు. పండుగనాటి చీరకు దొరికిన గౌరవం తరగతి గదిలో రోజూ కూర్చునే బిడ్డకు దొరికినప్పుడే ఆ అంగీకారం సంపూర్ణమవుతుంది.